హ్వార్ కోట మెట్లు

"అతన్ని ఇక్కడికి రమ్మన్నది మీరేనా అమ్మా?"

"నేనే," అంది భ్రమరాంబ, సముద్రం మీంచి చూపు తిప్పకుండా.

పడవ అప్పుడే స్ప్లిట్ నగరం రేవు దాటింది. ఏనాటి రోమన్ చక్రవర్తో కట్టించుకున్న కోటగోడలు వెనక్కి జరుగుతున్నాయి. అవతల రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డ వికాస్, ఇటు రావాలా వద్దా అని తటపటాయిస్తున్నాడు. వాళ్ళుండే బ్రాంప్టన్‌కి మూడు గంటల దూరంలోని సార్నియాలో ప్లాంట్ ఇంజనీరతను.

"హాలిడే అంటే నమ్మి వచ్చా. బ్రాంప్టన్‌లో తెచ్చిన ప్రతి సంబంధానికీ నో చెప్పా కదా!" అంది ఇషిత.

"అక్కడైతే కారెక్కి ఇంటికొచ్చేస్తావు. ఇక్కడ పడవ దిగి ఎక్కడికి పోతావు?"

ఇషిత మొహం ముడుచుకుంది. "నేను వెళ్ళిపోతే ఇంట్లో మీకు తోడెవరు?"

"నాకు తోడుండటానికా నువ్వు పుట్టింది? ముందా జాకెట్ విప్పు. ఇంత ఎండలో!"

చేతులు వేళ్ళదాకా వేలాడుతున్న ఆ పాత నల్ల జాకెట్‌ని ఇషిత అయిష్టంగా విప్పింది. భ్రమరాంబ దాన్ని మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

బ్రాచ్ దీవిలో పడవ ఆగింది. రాతి ఇళ్ళ సందుల్లో ఇషిత ముందు, భ్రమరాంబ మధ్యలో, వికాస్ వెనక. మళ్ళీ పడవెక్కాక వికాసే దగ్గరికొచ్చాడు.

"నాకు నటించడం రాదండీ. ఆంటీ అంతా చెప్పారు. మీకిష్టం లేకపోతే ఆ చివర కూర్చుంటా. కాకపోతే అక్కడ బాగా ఊగుతోంది, వాంతొచ్చేలా ఉంది."

ఇషిత ఆపుకోలేక నవ్వేసింది. పక్కకి జరిగి చోటిచ్చింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో భ్రమరాంబకి గుర్తు రాలేదు.

హ్వార్ దీవిలో దిగగానే, "కొండ మీది కోటంటే నా మోకాళ్ళ వల్ల కాదు. మీరిద్దరూ వెళ్ళి రండి," అంటూ భ్రమరాంబ రేవులో బెంచీ మీద కూలబడింది. పొద్దున స్ప్లిట్‌లో గంటగోపురం చివరిదాకా ఎక్కిన మోకాళ్ళవి. ఇషిత అనుమానంగా చూసింది. అయినా వెళ్ళింది.

ఎండ వాలుతుండగా రిచ్‌మండ్ హిల్ నుంచి చెల్లెలు విద్య ఫోన్ చేసింది.

"ఏమైందక్కా?"

"కోట దిగుతున్నారు. మెట్లు నున్నగా ఉన్నట్టున్నాయి. అతను చెయ్యందించాడు." భ్రమరాంబ బెంచీ మీంచి లేచి నిలబడింది. "పట్టుకుందే!"

"నీ పంతం నెగ్గించుకున్నావన్నమాట. జనం ఏమంటారో ఆలోచించావా?"

"అననీ."

"నీకు కష్టంగా లేదూ?"

"ఉంది. ఎందుకుండదు?" భ్రమరాంబ కళ్ళు తుడుచుకుంది. చూపు మాత్రం మెట్ల మీదే ఉంది.

"మరెందుకక్కా ఇదంతా?"

"పోయింది నా కొడుకు, నా కోడలు కాదు."