పొంగనివ్వని ఇల్లు

కదిరి నుంచి విశాఖకు ఇరవై గంటల ప్రయాణం. కారు తనంతట తానే నడిచింది. స్టీరింగే లేని ఆ కారులో ముందు సీట్లో కూర్చున్నందుకే మా ఆయన ఓబులేసు తెగ అలసిపోయాడు. టోల్‌గేటు దాటిన ప్రతిసారీ కారుకు థ్యాంక్స్ మాత్రం చెప్పాడు. దారి పొడుగునా వెనక సీట్లో ఉన్న నన్నూ అత్తమ్మనూ మంచినీళ్లు కావాలా అని అడిగిన పాపాన పోలేదు.

దిగగానే అత్తమ్మ కొత్తింటి పొయ్యి మీద పాలు పెట్టింది. పాలు గిన్నె అంచుదాకా లేచాయి. పొయ్యి టక్కున ఆరిపోయింది.

"పాలు పొంగబోయాయి, నేను ఆపేశాను," అంది ఇల్లు, గోడలోని స్పీకర్లోంచి గొప్పగా.

మళ్లీ వెలిగించాం. మళ్లీ ఆపింది. నాలుగోసారి, వంట మీద కాస్త శ్రద్ధ పెట్టమని నాకు సలహా కూడా ఇచ్చింది.

"ఎంత తెలివైన ఇల్లో సూడుమా!" అని మురిసిపోయాడు మా ఆయన.

"పాలు పొంగనియ్యని కొంపలో నేను పండుకోన్రా," అంది అత్తమ్మ.

ఇద్దరం గిన్నె పట్టుకుని వాకిట్లోకి వచ్చాం. మూడు ఇటుకలు పేర్చి, సామాను తెచ్చిన అట్టపెట్టెలు చించి మంట వేశాను.

"పరువు తీస్తాండారు మీరిద్దరూ," అని లోపల్నుంచే గొణిగాడు.

పాలు బుసబుసా పొంగి నిప్పుల్లో పడ్డాయి. అత్తమ్మ కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది.

మా వెనక వీధి తలుపుకు గడియ పడింది.

"వాకిట్లో ఎవరో దిక్కులేనివాళ్లు వండుకుంటున్నారు. భయపడకండి, తలుపు వేసేశాను," అని ఇల్లు మా ఆయనకు చెప్పడం వినిపించింది.

మా ఆయన దానికి థ్యాంక్స్ చెప్పాడు.