రెండో దారి

గట్టులో బొరియ తవ్వుకున్న పీత, ఎండకు తాళలేని కప్పకు "వానలు పడేదాకా ఉండు తమ్ముడూ" అని చోటిచ్చింది.

వానలు పడ్డాయి. కప్ప కదల్లేదు. పీత తగవు పెడితే, పెద్దమనిషి తాబేలు ముందు "ఈ బొరియ నేనే తవ్వాను" అని ఒట్టేసింది. తాబేలు నమ్మింది. పీత వానలో మిగిలింది.

మర్నాడు బొరియలోకి పాము దూరింది. కప్ప మూలకు నక్కి అరిచింది.

"ఎడమ పక్క మట్టి తొయ్యి తమ్ముడూ! అక్కడ రెండో దారి ఉంది!" బయటినుంచి పీత కేక.

కప్ప ఆ దారినే బయటపడింది. అరుపులకు తాబేలూ వచ్చింది.

"నువ్వు తవ్విన బొరియలో దారి నీకే తెలీదా?" అంది.



"దెబ్బేం తగల్లేదు కదా తమ్ముడూ?" అంది పీత.

పాము నోట్లో పడినా బాగుండేదనిపించింది కప్పకి.