నక్కగారి ముందుమాట

చింతలకోన జంతువుల సాహితీ సమితికి పన్నెండేళ్లు అధ్యక్షత వహించిన తాబేలు, చూపు మందగించి పదవి నుంచి తప్పుకుంది. అప్పటికే అది పక్షుల కూతలన్నిటికీ అర్థాలు చెప్పే నిఘంటువు రాయడం పూర్తిచేసింది. దాని స్థానంలో నక్కను ఎన్నుకున్నారు. చదువు సంగతి ఎవరూ అడగలేదు, గొంతు బాగుందన్నారు.

తాబేలుకు వీడ్కోలు సభ పెట్టారు. కృతజ్ఞత ఎంత గొప్ప గుణమో నక్క గంటన్నరసేపు చెప్పింది. తాబేలు పేరెత్తడం మాత్రం మరిచిపోయింది. తెచ్చిన ఒక్క శాలువా ముఖ్య అతిథి ఏనుగుకు కప్పారు. అది దాని చెవికి కూడా చాలలేదు.

మర్నాడు సమితి పనులు చూసే గోరింక వచ్చి, "తాతా, నిఘంటువు అధ్యక్షులవారి పేరుతో వస్తోంది. ముందుమాట కూడా మీరే రాసిపెట్టాలట. కింద ఆయన సంతకం చేస్తారట" అంది నసుగుతూ.

తాబేలు కాసేపు మెడ లోపలికి లాక్కుంది. తర్వాత, "దానికేం భాగ్యం!" అంటూ అక్కడికక్కడే రాసిచ్చింది.

నక్క అలవాటు ప్రకారం చదవకుండానే సంతకం పెట్టింది. పుస్తకం అడవంతా పంచారు. మొదటి పేజీలో ఇలా ఉంది: "ఇందులో ఒక్క మాటా నాది కాదు. అంతా తాబేలు రాసిందే. ఆ ముక్క సభలో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇట్లు, అధ్యక్షుడు నక్క."

అది చదివి సభ్యులందరూ కళ్లు తుడుచుకున్నారు. "ఆహా, ఏం వినయం!" అంటూ నక్కను శాశ్వత అధ్యక్షుణ్ణి చేశారు.