ఉప్పు తక్కువ

"ఉప్పు తక్కువైంది," అంది దానమ్మ, పళ్లెం ముందుకు నెట్టి.

పొయ్యి దగ్గరున్న విక్టోరియా గరిటె చప్పుడయ్యేలా కింద పెట్టింది.

"నిన్న తక్కువన్నవని ఇయ్యాల ఎక్కువనే ఏసిన అత్తమ్మా."

"ఏసినవేమో. నోట్లె పెట్టుకోని సూడు. అద్దుకున్న ముక్కకూ వట్టి ముక్కకూ ఫరఖే లేదు."

విక్టోరియా రొట్టె తుంచి, టమాట పప్పులో అద్ది నోట్లో వేసుకుంది. ఉప్పు సరిగ్గా సరిపోయింది.

"మంచిగనే ఉన్నది."

"ఒక్క ముక్కకు ఏం తెలుస్తది? అడుగుది కలుపుకోని తిను. రొట్టె గూడ సూడు, బెల్లం సాల్లేదు. నడిమి ముక్క తిని చెప్పు."

రోజూ ఇదే తంతు. అడుగు ముక్క, అంచు ముక్క, నడిమి ముక్క. అత్తగారిది తప్పని రుజువు చేసేసరికి విక్టోరియా చేతిలో సగం రొట్టె అయిపోయేది.

ఆ రొట్టె కాల్చడం అంత తేలికైన పనీ కాదు. ముందురోజే మైదాలో గ్లాసెడు కల్లు పోసి పిసికి పెట్టాలి. తెల్లారి అది పొంగాక బెల్లం నీళ్లు కలిపి, అడుగున ఇసుక పరిచిన పెద్ద గంజు గిన్నెలో పిండి డబ్బా దించి, మూత మీద నిప్పులు పోయాలి. మోకాళ్ల నొప్పులతో దానమ్మ పొయ్యి దగ్గర కూర్చోలేదు. గడప మీద కూర్చుని చెబుతుంది, విక్టోరియా చేస్తుంది. రొట్టె కాలుతుంటే నాచారంలోని ఆ సందు సందంతా కమ్మటి వాసన.

ఆ వాసన విక్టోరియాకు మాత్రం గిట్టేది కాదు. పురిట్లోనే పోయిన బిడ్డను మట్టిలో పెట్టి వచ్చి రెండు నెలలు కాలేదు. ఆ రోజు నుంచి ఆమె అన్నం పళ్లెం కనబడితే చాలు, పక్కకు జరిపేసేది. భర్త జోసఫ్ బతిమాలాడు. చర్చి ఆడవాళ్లు వచ్చి పక్కన కూర్చుని బతిమాలారు. "ఆకలి లేదు" అనేది తప్ప ముద్ద ముట్టేది కాదు. సరిగ్గా అప్పుడే ముసలామెకు రొట్టె మీద మనసు పుట్టింది. మనవడు మట్టిలో ఉన్నాడు, ఈవిడకు బెల్లం చాలలేదు!

ఆ సాయంత్రం మౌలాలి రైలు షెడ్డు నుంచి జోసఫ్ రాగానే, సైకిలు స్టాండు కూడా వేయనివ్వలేదు విక్టోరియా.

"నన్ను అన్నోజిగూడల మా అమ్మింటి కాడ దింపు. నీ తల్లికి నా చెయ్యి పడుతలేదు."

"ఏమన్నది?"

"ఏమంటది? పొద్దుగాల ఉప్పు లేదు, మాపటికి పులుపు లేదు. నా బిడ్డ పోయిన బాధ ఈ ఇంట్ల ఎవలకన్న ఉన్నదా?"

జోసఫ్ తుడుచుకుంటున్న మసి చేతుల వైపే చూశాడు. "ముసలిది. జర ఓర్సుకో," అన్నాడు.

ఓర్చుకోదల్చుకోలేదు విక్టోరియా. మర్నాడు జోసఫ్ డ్యూటీకి వెళ్లాక పప్పు ఉడికించి, డబ్బాలో చెయ్యి పెట్టి పిడికెడు ఉప్పు తీసింది. క్షణం ఆగింది. ఆగి, మొత్తం వేసి కలిపింది. ఇక జన్మలో ఆ మాట ఈవిడ నోట రాకూడదు.

వేడి రొట్టె, గిన్నె నిండా పప్పు తెచ్చి అత్తగారి ముందు పెట్టి, గుంజకు ఆనుకుని నిలబడింది.

దానమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. రొట్టె తుంచింది, నిండా పప్పు అద్దుకుని తిన్నది. రెండో ముక్క తిన్నది. మూడోది. మొహంలో ఒక్క గీత కదల్లేదు. పంతానికి తింటున్నదేమో అనుకుంది విక్టోరియా. గిన్నె సగమయ్యేసరికి ఆమె గుంజ వదిలి ముందుకు వచ్చింది.

దానమ్మ పళ్లెం ముందుకు జరిపింది.

"మంచిగనే చేసినవ్ గని, ఉప్పు జర తక్కువైంది బిడ్డా. నువ్వు సూడు."

విక్టోరియా వేలితో పప్పు తీసి నాలుక మీద పెట్టుకుంది. నోరంతా భగ్గుమంది. మోరీ దగ్గరికి పరుగెత్తి ఉమ్మేసి, పుక్కిలించి, మళ్లీ పరుగున వచ్చి గిన్నె లాక్కుంది.

"వట్టి ఉప్పు ఇది! కోపానికొచ్చి పిడికెడు ఏసిన. నీకు తెలుస్తలేదా అత్తమ్మా?"

దానమ్మ పట్టుబడ్డ దొంగలా మొహం పక్కకు తిప్పుకుంది.

"నిన్నే అడుగుతున్న. తెలుస్తలేదా?"

"లేదు."

"ఎన్నడి సంది?"

"పోయిన చలికాలం జెరమొచ్చి పండుకున్న గద, గప్పటి సంది. ఉప్పు లేదు, తీపి లేదు. ఏది తిన్నా మట్టి తిన్నట్టే. డాక్టరు గూడ ఇంక రుచి రాదన్నడు. జోసఫ్‌కు గూడ చెప్పలే."

పోయిన చలికాలం! అప్పటికి విక్టోరియాకు నెల కూడా తప్పలేదు. ఆమె గిన్నె పట్టుకునే నేల మీద కూలబడింది. చెంబు అందుకుని అత్తగారి చేత నీళ్లు తాగించింది.

"మరి రుచే తెల్వనిదానివి, ఇన్ని దినాలు ఉప్పు లేదు, బెల్లం లేదని నా పానం ఎందుకు తీసినవ్?"

దానమ్మ పళ్లెంలో మిగిలిన రొట్టెలోంచి మెత్తటి నడిమి ముక్క తుంచి, కోడలి నోటి దగ్గర పెట్టింది.

"ఊరికె పెడితె తినకపోతివి బిడ్డా. తప్పు పడితెనే తిన్నవ్."