ఉప్పు కలిపిన మంచు

“మంచులో ఉప్పు వేస్తే ఇంకా చల్లబడుతుంది. ఎందుకో తెలుసా మీకు?”

పలకరించడానికి వచ్చిన ఎదురింటి టైలరును అడిగాడు పెద్దాయన. తెలియదన్నాడు టైలరు. నిజానికి తెలుసు. నిన్న కూడా వచ్చాడు, నిన్న కూడా ఇదే విన్నాడు.

“మంచు ఊరికే కరగదండీ. కరగాలంటే దానికి వేడి కావాలి. ఉప్పు పడిందనుకోండి, ఇక కరగక తప్పదు. మరి వేడి ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటుంది? పక్కన ఏదుంటే దాని దగ్గర్నుంచి గుంజుకుంటుంది. ఉప్పు కలిపిన మంచు ముందు వట్టి మంచు ఏపాటి? నలభై ఏళ్ళు ఐస్‌క్రీమ్ తిప్పిన చేతులండీ ఇవి.”

చేతులు చాపి చూపించాడు.

వంటగది గుమ్మంలో నిలబడిన కూతురు, మంచు మాట మొదలవగానే లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె బిడ్డ పోయి ఇవాళ్టికి ఆరు రోజులు. తొమ్మిదేళ్ళ పిల్ల. అసలు పేరు బడి రిజిస్టరులోనే ఉండేది, ఇంట్లో అందరికీ పిచ్చుకే. నాలుగో ఏటే చక్కెర జబ్బు వచ్చింది. రోజూ ఇంజెక్షన్ పడితేనే ప్రాణం. తాతదేమో ఐస్‌క్రీమ్ బండి, మనవరాలు తీపి ముట్టకూడదు. ఆ పిల్ల కోసం ఆయన చక్కెర వెయ్యకుండా నిమ్మకాయ ఐసు చేసేవాడు. పిచ్చుక మొహం చిట్లించుకుని తిని, మళ్ళీ రెండోది అడిగేది.

తుఫాను వచ్చింది. వంతెన మునిగింది. కరెంటు పోయింది, ఇంజెక్షన్ మందు పెట్టిన ఫ్రిజ్ ఆగింది. ఆస్పత్రికి ఫోను చేస్తే, “మందు చల్లగా ఉంచండి” అన్నంతవరకే వినిపించింది. తర్వాత ఫోను కూడా మూగబోయింది.

“చల్లగా ఉంచడం నాకొకరు చెప్పాలా!” అన్నాడు పెద్దాయన.

నడుం లోతు నీళ్ళలో చేపల షెడ్డు దాకా నడిచి వెళ్ళి, గోనెలో చుట్టిన మంచు దిమ్మను భుజాన వేసుకొచ్చాడు. పగలగొట్టి ఐస్‌క్రీమ్ బకెట్‌లో నింపాడు. రాళ్ళ ఉప్పు గుప్పిళ్ళతో చల్లాడు. నడిమధ్యలో మందు సీసా పెట్టాడు. మంచు కరిగిపోయినప్పుడల్లా మళ్ళీ షెడ్డుకు వెళ్ళాడు. నాలుగు రోజుల్లో ఐదుసార్లు. కంటిమీద కునుకు లేదు.

“మందు వేళ ఒక్క పూట కూడా తప్పలేదండీ,” అంటున్నాడు టైలరుతో. “సీసా ఎంత చల్లగా ఉండేదంటే, సూది వేసే ముందు గుప్పిట్లో పెట్టుకుని ఊదాల్సి వచ్చేది. నేను ఊది ఇస్తే అమ్మాయి వేసేది. అయినా పిల్ల వాడిపోతూనే వచ్చింది. నాలుగో రోజు పడవ వచ్చింది గానీ, అప్పటికే...”

టైలరు ఆయన భుజం తట్టి లేచాడు.

వంటగదిలో కూతురి పిన్ని అందుకుంది. “ఏమే, ఆ మనిషి ప్రాణాలకు తెగించి అంత చేస్తే, ఆరు రోజులుగా ఒక్క మంచి మాటైనా అన్నావా? ఆయన నోరు తెరిస్తే చాలు, లేచి వచ్చేస్తున్నావు. పైగా మొన్న ఉప్పు బస్తా ఎత్తుకెళ్ళి కాలవలో పోశావట! ఆయన బతుకుతెరువు కదే అది?”

కూతురు గిన్నె తోముతూనే ఉంది. ఇందాక తోమిన గిన్నే.

“నీ కడుపుకోత నాకు తెలుసే తల్లీ. కానీ మూడు రోజులుగా ఆయన మెతుకు ముట్టలేదు. రేపు ఆయన కూడా పోతే నీకు మిగిలేదెవరు?”

ఆమె చెయ్యి ఆగింది. తర్వాత చేతులు తుడుచుకుని, గ్లాసెడు పాలు వెచ్చబెట్టి తండ్రి దగ్గరికి వెళ్ళింది.

“అమ్మాయ్, ఒకటి అడుగుతాను. దాచకుండా చెప్పు,” అన్నాడు ఆయన. “ఆఖరి రోజు ఉప్పు కొంచెం పొదుపుగా వేశాను. ఇంకా ఎన్నాళ్ళు పడుతుందోనని. అందుకే మందు చెడిపోయిందా? నా పీనాసితనమే పిల్లని తినేసిందా?”

ఆమె కింద కూర్చుంది. గ్లాసు ఆయన చేతుల్లో పెట్టి, ఆ చేతుల్ని తన చేతులతో మూసింది.

“లేదు నాన్నా. మందు బాగానే ఉంది. పిల్ల ఒంట్లోనే ఓపిక అయిపోయిందట. నువ్వు అంత చెయ్యకపోతే రెండు రోజులు ముందే పోయేదన్నారు డాక్టరుగారు.”

“డాక్టరే అన్నాడా?”

“ఆయనే అన్నారు నాన్నా.”

పెద్దాయన బావురుమన్నాడు. ఆరు రోజుల్లో ఆయన ఏడవడం అదే మొదలు. ఏడ్చి ఏడ్చి, ఎక్కిళ్ళ మధ్యే పాలు తాగాడు. అడుగుదాకా తాగాడు.

గుమ్మంలో నిలబడ్డ పిన్ని కళ్ళు తుడుచుకుంది. “ఈ ముక్క మొదటి రోజే చెబితే నీ సొమ్మేం పోయేదే?”

పిల్ల పోయిన ఆ మొదటి రోజు ఆస్పత్రి వరండాలో డాక్టరు ఆమెను పక్కకు పిలిచి చెప్పిన ముక్క వేరు: “ఆ మందు బయట పెట్టినా నెల రోజులు పనిచేసేదమ్మా, ఒక్కసారి గడ్డకట్టిందంటే మాత్రం అది వట్టి నీళ్ళతో సమానం.”