కాజీపేట బ్రిడ్జి మీద కట్టమ్మ

కొండదారి కార్ల రేసులో మూడోసారి ఛాంపియనై శోభారాణి వరంగల్ వచ్చింది. మర్నాడు పొద్దున్నే తల్లి కట్టమ్మ కొత్త స్కూటీ బయటికి తీసింది. కూతురు ఊళ్లో లేనప్పుడు నేర్చుకుందట.

"ఎనుక కూసో బిడ్డా."

కాజీపేట బ్రిడ్జి ఎక్కుతుండగా కట్టమ్మ ఒక్కసారిగా రేజ్ ఇచ్చింది. స్కూటీ సిటీ బస్సును దాటేసింది.

"అమ్మా! జర మెల్లగ పోవే!" శోభారాణి గట్టిగా కళ్ళు మూసుకుని, తల్లి నడుం పట్టుకుని కేకలు పెట్టింది.

పైకెక్కాక కట్టమ్మ బండి పక్కకు ఆపింది. ఇద్దరికీ నవ్వు ఆగడం లేదు.

"నువ్వు రేసుల పోతాంటే టీవీ ముందట నేను గిట్లనే కండ్లు మూసుకొని కూసుంటుంటి" అంది కట్టమ్మ, రొప్పుతూ. "గింత మజా ఉంటదని ఒక్కనాడన్న చెప్పకపోతివి గదనే!"