రెండు ఖాళీలు

ట్యూటర్ గ్లెనిస్ నా వ్యాసాన్ని బల్ల మీద నా వైపు తిప్పింది. ఆస్ట్రేలియా ఎడారి ఊరు ఆలిస్ స్ప్రింగ్స్‌లో యూనివర్సిటీలో చేరాక సామాజిక శాస్త్రంలో అది నా మొదటి వ్యాసం. ఐదు గంటలకల్లా ఇవ్వకపోతే సున్నా.

"రాత బాగుంది తల్లీ. కానీ ఎవరి మాట వాడుకుంటే వాళ్ళ పేరు రాయాలని మూడు వారాలుగా మొత్తుకుంటున్నానా? వాననీళ్ళ గుంటలు ఎవరి కాపలాలో ఉంటాయో నీకు చెప్పిందెవరు?"

"మా అమ్మమ్మ."

"అమ్మమ్మకి పేరుండదా? పేరు లేకపోతే అది దొంగిలించిన మాట కిందే లెక్క. నేను వదిలేసినా పైవాళ్ళు వదలరు."

పోయిన సోమవారం దాకా ఆ పేరు రోజూ విన్నదాన్నే.

"మొదటి పేజీ చూడు, నీ పేరు కూడా మర్చిపోయావు! రేపు పరీక్ష హాల్లో నేనెవరినని నన్నే అడుగుతావేమో." ఆమె నవ్వుతూ కలం తీసింది. "ఉండు, నేనే రాస్తాను."

నేను కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"అమ్మమ్మ సోమవారం పోయింది," అన్నాను. "మా ఆదివాసుల్లో పోయినవాళ్ళ పేరు ఏళ్ళ తరబడి ఎవరూ పలకరు, రాయరు."

"అయ్యో, ముందే చెప్పొద్దూ! సరే, ఆవిడ పేరు వదిలేద్దాం. మరి నీ పేరు రాయడానికేం?"

"నాకు పెట్టింది ఆవిడ పేరే. సోమవారం నుంచి ఇంట్లో నన్ను కూడా ఎవరూ పేరు పెట్టి పిలవడం లేదు."